కొసలు

ఒరెత్తా కుడి మణికట్టు విరిగింది.
చెత్తసంచీ పట్టుకుని మెట్లు దిగుతూ జారింది.
ఇప్పుడు కిటికీ పక్కన
పిండికట్టు చేతిని దిండు మీద ఆనించుకుని
నా వంటింటిని ఏలుతోంది.

నా వంటిల్లు అన్నానా? నోరు జారాను.
నలభయ్యారేళ్ళ కాపురంలో
కాఫీ గిన్నె తప్ప ఇక్కడ ఏదీ ముట్టి ఎరగను.

నా పని ఊరవతల, షెడ్డులో.
ప్రాతోలో నన్ను అడిగితే చెబుతారు:
నేదో, పాతబట్టల నేదో.
దేశదేశాల జనం విడిచేసిన కోట్లు
మూటలై మా ముందు దిగేవి.
కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి
ఇది ఉన్ని, ఇది పత్తి, ఇది మోసం
అని మూడు గుట్టలు పోసేవాణ్ణి.
బొత్తాలు తెంపి, కుట్లు విప్పి, చీల్చి, దువ్వి
అవతల మళ్ళీ కొత్త బట్ట నేసేవాళ్ళు.

"వెన్న ఎక్కడ?" అన్నాను.
"వెన్నా?" అంది,
చర్చిలో ఎవరో బూతు మాట్లాడినట్టు.
"పోనీ, నూనె?"
దానికి జవాబు లేదు. చూపు మాత్రం.

"గుడ్లు ఎన్ని?"
"పిండి అడిగినన్ని."
"పిండి నాతో మాట్లాడదు, ఒరెత్తా."
"కోట్లు మాట్లాడేవిగా. వేళ్ళతో అడుగు."

అడిగాను.
మొదట బిసెంత్సియో ఒడ్డున
నవంబరు బురదలా పట్టుకుంది,
ఉంగరం మింగింది, మోచేతిదాకా ఎక్కింది.
ఆమె చేతికి కట్టిన పిండి, నా చేతికి అంటిన పిండి
ఎవరిది ముందు ఊడుతుందో అనుకున్నాను.
తరవాత ఎప్పుడో, చెప్పకుండా,
చెవితమ్మెలా మెత్తబడి నా అరచేతిని వదిలేసింది.
"ఊఁ" అన్నాను. ఉన్ని తగిలినప్పుడు అనే ఊఁ.

బాదంపప్పులు తోలుతోనే.
ఒకటి ఒలవబోతే కుర్చీలోంచి దగ్గు వినిపించింది.
రెండు దుంగలు చేసి,
గుడ్డుసొన పూసి, పొయ్యిలోకి తోశాను.
కాసేపటికి కింద చైనావాళ్ళ కుట్టుమిషన్లు
ఒకటొకటిగా ఆగాయి.
ఎవరో కిటికీ తెరిచి గాలి పీల్చారు.
మళ్ళీ మొదలయ్యాయి.

"తియ్యి. ఇప్పుడే కొయ్యి. చల్లారితే పొడే మిగులుతుంది."
వేలు కాలింది. "ఎలా కొయ్యను?"
"ఐమూలగా."
ఆ మాట నాకు తెలుసు.
గుడ్డకి సాగే గుణం ఐమూలలోనే ఉంటుంది.
కత్తి పంటి కింద బాదం నిలువునా తెగి
తెల్లటి ముఖం బయటపెట్టింది.

ముక్కలన్నీ పరిచాను, రెండో కాల్పుకి.
పలక మీద నాలుగు మిగిలాయి.
వంకరగా, పొట్టిగా,
మొనలు నల్లబడి, పళ్ళెంలో పెట్టడానికి పనికిరానివి.

నలభయ్యారేళ్ళు
ప్రతి క్రిస్మస్‌కీ నా ముందుకి
తీరైన ముక్కలే వచ్చాయి.
దుంగకి కొసలుంటాయని
ఇవాళే తెలిసింది నాకు.

"ఇవి ఎవరు తింటారు?"
ఆమె ఎడమచెయ్యి చాచింది, కిటికీలోంచి చూస్తూ.

గుండె కలుక్కుమంది.
పాపం, ఇన్నాళ్ళూ మాడినవి తను తిని,
మంచివి మాకు పెట్టి...
కన్ను తుడుచుకుని
ఒక కొస నేను నోట్లో వేసుకున్నాను, ప్రాయశ్చిత్తంగా.

అబ్బ!
పైన కరకర, లోపల వెచ్చగా, మెత్తగా,
ఒక్కసారే కాలింది కదా,
పంచదార ఇంకా పాకంలోనే ఉంది.
నా కట్టుడు పళ్ళు కూడా నవ్వాయి.

"ఒరెత్తా."
పలకలేదు.
"ఒరెత్తా! అందరికీ ఆ రాళ్ళు పెట్టి,
విన్‌సాంతోలో నానేసుకుని చావమని చెప్పి..."
ఆమె భుజాలు ఊగుతున్నాయి,
పిండికట్టు దిండు మీదినుంచి జారింది.

"మీ అమ్మే నేర్పింది," అంది చివరికి,
"పెళ్ళైన వారానికి. తలుపు మూసి."

మెట్ల మీద పొరుగింటి లోరియానా చెప్పుల చప్పుడు.
"వాసన పట్టేసింది. త్వరగా!"
నాలుగింట్లో ఒకటి నేను తిన్నాను,
మిగతావి ఎటు పోయాయో చూడనే లేదు.
తలుపు తీసేసరికి ఇద్దరి నోళ్ళూ నిండుగా,
"ఇంకా అవలేదు" అని
సైగ చేశాను
పిండి చేత్తో.